కాంటెస్సాకి ప్రోగ్రామబుల్ ఇంజెక్షన్: బెంగళూరులో ఎవరైనా చేశారా?

కదిరి_కాంటెస్సా
నాది 1994 కాంటెస్సా క్లాసిక్ 1.8 జీఎల్‌ఎక్స్, ఇసుజు పెట్రోల్ ఇంజిన్. నాన్న వాడిన కారు, ఇప్పుడు బనశంకరిలో నా దగ్గరుంది. ఇంజిన్ గట్టిగానే ఉంది, కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ సమానంగా వస్తోంది. తలనొప్పంతా కార్బ్యురేటర్‌తోనే. పొద్దున్నే చోక్ లాగితే బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర అరగంట ఇరుక్కుని, ఏ బంకులోనో ఆపితే మాత్రం మళ్లీ లేవదు, బానెట్ ఎత్తితే పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. రీబిల్డ్ కిట్ వేయించాను, ఫ్లోట్ లెవెల్ చూపించాను, ఇద్దరు మెకానిక్‌లు మూడు రకాల కథలు చెప్పారు. ఇక ఈ గోల వదిలేసి స్పీడువినోనో మెగాస్క్విర్టో లాంటి ఇంజిన్ కంప్యూటర్ పెట్టి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోదామని ఉంది. సోల్డరింగ్ వచ్చు, లాప్‌టాప్ అంటే భయం లేదు, కానీ కారు మీద ఆయిల్ మార్చడం దాటి చెయ్యి పెట్టలేదు. చేయించి రోజూ నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎంతవుతుంది? దెబ్బ ఎక్కడ తింటాం?

పాతకారు_పంతులు
గోటితో పోయేదానికి గొడ్డలి దేనికి నాయనా. నువ్వు చెప్పిన లక్షణం అచ్చంగా హీట్ సోక్. ఇంజిన్ ఆగగానే ఫ్యాన్ గాలి ఆగిపోతుంది, కింద ఎగ్జాస్ట్ వేడంతా పైకొచ్చి ఫ్లోట్ బౌల్‌లో పెట్రోల్ మరుగుతుంది, అది పొంగి మ్యానిఫోల్డ్‌లోకి (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాల్లోకి) దిగుతుంది, ఫ్లడ్ అవుతుంది. కార్బ్ కింద ఇన్సులేటర్ బ్లాక్ పగలకుండా ఉందో లేదో చూడు, మధ్యలో ఒక హీట్ షీల్డ్ రేకు పెట్టు. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టు, పంపు చేయకు. వెయ్యి రూపాయల పని. దీనికి కంప్యూటర్ ఎందుకు?

జయనగర్_జోరు
పంతులు గారి ప్రవచనం మొదలైంది, అందరూ కూర్చోండి 😄

సోల్డర్_సుబ్బు
పంతులు గారు చెప్పింది ముందు చెయ్యి, నిజంగానే వెయ్యి రూపాయల్లో తేలిపోవచ్చు. అయినా ఇంజెక్షన్ మోజు తీరదంటే మాత్రం ఇది చదువు.

జనం అంతా ఈసీయూ (ఇంజెక్షన్ నడిపే కంప్యూటర్) ఏది కొనాలి అని నెలల తరబడి కొట్టుకుంటారు, పని దాంట్లో లేదు. మెగాస్క్విర్ట్ బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు మొదలుపెట్టింది, ఎన్నో ఏళ్లుగా జనం వాడి నలగ్గొట్టిన సరుకు. స్పీడువినో ఆర్డువినో మెగా బోర్డు మీద కూర్చునే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, చవక, ఎస్పీ రోడ్‌లో దొరికే విడిభాగాలతోనే చాలావరకు కట్టుకోవచ్చు. రెండింటినీ ట్యూనర్‌స్టూడియో అనే ఒకే సాఫ్ట్‌వేర్‌తో ట్యూన్ చేస్తాం. నీ ఇంజిన్‌కి ఏదైనా చాలు.

అసలు పని పైపులదీ వైర్లదీ. నీ కారులో ఇప్పుడున్న మెకానికల్ పంపు ఇచ్చే ప్రెషర్ కార్బ్‌కి సరిపోతుంది అంతే. ఇంజెక్టర్లకి 3 బార్ కావాలి. అంటే ఎలక్ట్రిక్ పంపు, ఫిల్టర్, రెగ్యులేటర్, మిగిలిన పెట్రోల్ వెనక్కి పోవడానికి రిటర్న్ లైను. మామూలు రబ్బరు ట్యూబు ఆ ప్రెషర్‌కి పనికిరాదు. ట్యూబు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉంటేనే కొను, ఆర్7 అని ఉంటే అది కార్బ్ వాళ్లది, వద్దు. పురి తిప్పే జూబ్లీ క్లిప్పులు కూడా వద్దు, అంచులు చుట్టి ఉన్న ఇంజెక్షన్ క్లిప్పులు వేరే ఉంటాయి. వేడి ఎగ్జాస్ట్ పక్కన 3 బార్ పెట్రోల్ చిమ్మితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంజిన్ తిరగకపోతే ఈసీయూయే పంపు రిలేని ఆపేస్తుంది, ఆ రిలేని బైపాస్ చేసి పంపుకి నేరుగా కరెంటు ఇచ్చే మెకానిక్ కనబడితే కారు తాళం తీసుకుని వచ్చెయ్.

తర్వాత సెన్సర్లు: థ్రాటిల్ పొజిషన్, మ్యానిఫోల్డ్ ప్రెషర్, గాలి ఉష్ణోగ్రత, కూలంట్ ఉష్ణోగ్రత, ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్. ఆఖరిది ఖరీదు ఎక్కువ, ఎగ్గొడదాం అనిపిస్తుంది, ఎగ్గొట్టకు. అది లేకుండా ట్యూనింగ్ అంటే కళ్లకి గంతలు కట్టుకుని దోసె తిప్పడమే.

పుదుపేట_పులి
చెన్నై నుంచి ఒక మాట. కొత్త సామాను ఎందుకు కొంటారు, పుదుపేటకి రా అన్నా. పాత బెలెనో 1.6 థ్రాటిల్ బాడీ, ఇంజెక్టర్ రెయిల్, సెన్సర్లు, కనెక్టర్లు వైరు ముక్కతో సహా కోసి ఇస్తారు. కనెక్టర్ విడిగా కొందామంటే దొరకదు, దొరికినా రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి, కాబట్టి వైరు కనీసం జానెడు ఉంచి కొయ్యమని అడగాలి. బేరం మాత్రం తమిళంలో ఆడాలి, తెలుగులో అడిగితే ఇంకో రేటు.

ఇంకొకటి. అంబాసిడర్‌కి కూడా ఇదే ఇసుజు 1.8 ఇంజిన్ వేశారు, 1800 ఐఎస్‌జెడ్ అని, తర్వాత రోజుల్లో అది ఎంపీఎఫ్ఐలో (సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉండే రకంలో) కూడా వచ్చింది. ఆ మ్యానిఫోల్డ్ దొరికితే సగం పని అయిపోయినట్టే. స్టడ్‌లు, పోర్టులు నీ హెడ్‌కి కుదురుతాయో లేదో కొలుచుకుని డబ్బులిచ్చుకో.

కదిరి_కాంటెస్సా
పంతులు గారూ, ఇన్సులేటర్ బ్లాక్ చూశాను, బాగానే ఉంది. హీట్ షీల్డ్ పెట్టాక కొంచెం నయం, పూర్తిగా పోలేదు. పైగా ఇంజెక్షన్ మీద మనసు పడింది, ఇక ఆగేలా లేదు.

పులి అన్నా, ఎంపీఎఫ్ఐ మ్యానిఫోల్డ్ ఇక్కడ శివాజీనగర్ గుజరీలో అడిగాను, ఆ టాక్సీలన్నీ కలకత్తాలో సార్ అన్నాడు. ఉన్న మ్యానిఫోల్డ్‌కే ఇంజెక్టర్ బాస్‌లు (ఇంజెక్టర్ కూర్చునే గూళ్లు) వెల్డ్ చేయించుకోవచ్చా? ఇంజెక్టర్లు ఏ సైజు?

లెక్కల_మాస్టారు
సైజుకి లెక్క ఉంది. నీ ఇంజిన్ 85 గుర్రాలు అనుకుందాం. మామూలు పెట్రోల్ ఇంజిన్ గుర్రానికి గంటకి సుమారు అర పౌండు పెట్రోల్ తాగుతుంది. 85ని 0.5తో గుణించి 4 ఇంజెక్టర్లకి పంచి, ఇంజెక్టర్ సమయంలో 80 శాతానికి మించి తెరిచి ఉండకూడదు కాబట్టి 0.8తో భాగిస్తే 13.3 పౌండ్లు. సీసీల్లో నిమిషానికి 140. ఇప్పుడు దొరికేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ కాబట్టి కొంచెం ఎక్కువ ఉంచుకుని 180 నుంచి 200 సీసీది కొను. పెద్దది పెడితే పవర్ వస్తుందనుకునే మహానుభావులున్నారు. పెద్దది పెడితే ఐడిల్‌లో ఇంజెక్టర్ తెరిచే సమయం మరీ చిన్నదైపోయి కంట్రోల్ ఉండదు, కారు వణుకుతుంది.

సోల్డర్_సుబ్బు
బాస్‌లు వెల్డ్ చేయించుకోవచ్చు, మ్యానిఫోల్డ్ అల్యూమినియం కదా, పీణ్యలో మంచి టిగ్ వెల్డర్‌ని పట్టుకో. వెల్డింగ్ అయ్యాక హెడ్‌కి కూర్చునే ముఖం వంకర పోతుంది, అక్కడే సర్ఫేస్ చేయించి తీసుకో, లేకపోతే వాక్యూమ్ లీక్ వెతుక్కుంటూ పోతావ్. ఇంజెక్టర్ వాల్వ్ వైపు చూసేలా వాలుగా పెట్టించు.

పద్మిని_రాణి
నాదీ ఇలాంటి ప్రశ్నే, కొత్త థ్రెడ్ ఎందుకని ఇక్కడే అడుగుతున్నా. మా మామగారి ఫియట్ 1100, 1971 మోడల్, మల్లేశ్వరం. ఇంకా డైనమోతోనే ఉంది. దీనికి పెట్టొచ్చా?

సోల్డర్_సుబ్బు
డైనమోతో వద్దు మేడమ్. ఐడిల్‌లో అది దాదాపు ఏమీ ఇవ్వదు. పంపు ఒక్కటే 5, 6 ఆంపియర్లు లాగుతుంది, దాని మీద ఇంజెక్టర్లు, ఈసీయూ, వైడ్‌బ్యాండ్ హీటర్. రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. వోల్టేజ్ పడితే ఇంజెక్టర్ తెరుచుకోవడం కూడా ఆలస్యమవుతుంది. ముందు ఆల్టర్నేటర్, తర్వాతే మిగతావి.

ఆర్‌సీ_రామం
రాణి గారూ, సుబ్బు మాట పక్కనపెట్టి ముందు ఇది చదవండి. మీ కారుకి 50 ఏళ్లు దాటాయి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాల కింద దానికి వీఏ సిరీస్ నంబర్ తీసుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ షరతు ఏంటంటే కారు అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. ఇంజెక్షన్ పెట్టి ఆ దరఖాస్తు పట్టుకుని వెళ్తే కమిటీ ఒప్పుకుంటుందని నేనైతే పందెం కాయను. మీ మామగారి ఫియట్‌ని అలాగే ఉంచండి.

కాంటెస్సా బాబుకి ఆ బెడద లేదు, ఆ మోడలే 1984లో వచ్చింది. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి భిన్నంగా అయ్యేలా మార్పులు చేయకూడదు. ఇంధనం అదే పెట్రోల్, ఇంజిన్ నంబర్ అదే, సీసీ అదే కాబట్టి ఇబ్బంది లేదని కొందరు వాదిస్తారు. నేను ఆ వాదన మీద ఆధారపడను. 15 ఏళ్లు దాటిన కారు, 5 ఏళ్లకోసారి రెన్యువల్‌కి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాల్సిందే. ముందే ఆర్టీవోలో రాతపూర్వకంగా అడుగు, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పు. కాలిపోయాక క్లెయిమ్ కోసం వాదించే ఓపిక ఎవరికుంది.

జయనగర్_జోరు
రామం అన్న రాగానే థ్రెడ్‌లో ఫ్యాన్ ఆగిపోయినట్టు ఉంటుంది.

పద్మిని_రాణి
😂 థాంక్యూ రామం గారూ. మామగారికి చదివి వినిపించాను, ఆయన ముఖం వెలిగిపోయింది. ఫియట్ బతికిపోయింది. నేను ఇక్కడే ఉండి చూస్తుంటా.

అంబీ_1500
నాది పాత అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్. నేనూ నాలుగు ఇంజెక్టర్లు కొట్టించేస్తా, అదే వెల్డర్ దగ్గరికి ఇద్దరం వెళ్దామా కదిరి బ్రో?

సోల్డర్_సుబ్బు
ఆగు ఆగు. నీది బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ బీ సిరీస్ ఇంజిన్. హెడ్ తీసి చూడు, నాలుగు సిలిండర్లకి ఇన్‌టేక్ పోర్టులు రెండే ఉంటాయి. 1, 2 ఒకటి పంచుకుంటాయి, 3, 4 ఇంకొకటి. నాలుగు ఇంజెక్టర్లు పెట్టే చోటే లేదు. రెండు పెడితే, పక్కపక్క సిలిండర్లు వెంటవెంటనే పీలుస్తాయి కాబట్టి ముందు పీల్చినవాడికి ఒక రకం, వెనకవాడికి ఇంకో రకం మిశ్రమం పడుతుంది. ఇంగ్లండ్‌లో మినీ కారుకి కూడా ఇదే గోల. 1996 తర్వాత మినీలో రెండు ఇంజెక్టర్లు పెట్టి, టైమింగ్ లెక్కగట్టి నడిపారు, దానికి క్యామ్ సెన్సర్, జాగ్రత్తైన కోడ్ కావాలి. నీకు సుఖమైన దారి థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్. కార్బ్ ఉన్న చోటే ఒక థ్రాటిల్ బాడీ, దాని పైన ఒకటో రెండో ఇంజెక్టర్లు. పెట్రోల్ పంచే పని మ్యానిఫోల్డే చూసుకుంటుంది, కార్బ్ చేసినట్టే.

అంబీ_1500
హెడ్ ఎప్పుడూ తియ్యలేదు గురూ. సరే, వెల్డర్ మిగిలాడు.

పాతకారు_పంతులు
నాకు ఒకటి అర్థం కాదు. ఈ కార్లు కొన్నది దేనికి? ఎక్కడ ఆగినా స్క్రూడ్రైవర్‌తో విప్పి, ఊది, మళ్లీ పెట్టుకుని ఇంటికెళ్లొచ్చు. ములబాగిలు దాటాక పలమనేరు ఘాట్‌లో నీ ఈసీయూ చచ్చిందనుకో, ఎవర్ని పిలుస్తావు? లాప్‌టాప్‌లో చార్జింగ్ ఉందా లేదా అని చూసుకోవాల్సిన కారు నాకొద్దు.

పుదుపేట_పులి
పంతులు గారూ, ఈ బోర్డులు చవక, ఇంకోటి అదే ట్యూన్‌తో లోడ్ చేసి డాష్‌బోర్డులో పడేసుకోవచ్చు. ఘాట్‌లో పెట్రోల్ పంపు రబ్బరు డయాఫ్రమ్ చిరిగితే మాత్రం మీ స్క్రూడ్రైవర్ ఏం చేస్తుంది? ఇథనాల్ పెట్రోల్ వచ్చాక పాత రబ్బరు ఎలా ఉబ్బుతోందో చూశారా? ఆ ఈ20ని ప్రధాని 2023 ఫిబ్రవరిలో మీ బెంగళూరులోనే మొదలుపెట్టారు, మీరే ముందు తాగాలి.

పాతకారు_పంతులు
ఈ20 మాట నిజమే. దాని మీద మాత్రం నీతో వాదించను. ఈ ఏడాది ట్యూబులు మొత్తం మార్చాను.

లెక్కల_మాస్టారు
ఈ20 గురించి ఎవరూ చెప్పనిది ఒకటి. శుద్ధ పెట్రోల్‌కి గాలి, ఇంధనం నిష్పత్తి 14.7. ఈ20కి సుమారు 13.5. అంటే కార్బ్ అదే జెట్‌తో నడిస్తే మిశ్రమం 8 శాతం దాకా లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) అవుతుంది. మరోపక్క బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి పలచన, దానివల్ల కార్బ్ కొంచెం రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) నడుస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొంతవరకు కొట్టేసుకుంటున్నాయి కాబట్టే మన పాత కార్లు ఇక్కడ ఇంకా మర్యాదగా తిరుగుతున్నాయి. అదే కారు చెన్నై దిగితే లీన్ బయటపడుతుంది. కదిరి, వైడ్‌బ్యాండ్ పెట్టాక గేజ్‌లో 13.5 వచ్చేలా చూసుకో.

సోల్డర్_సుబ్బు
మాస్టారూ, చివరి వాక్యం ఒప్పుకోను. సెన్సర్ కొలిచేది లాంబ్డాని, అంటే పెట్రోల్‌కి సరిపడా గాలి ఉందా అన్న నిష్పత్తిని; సరిగ్గా సరిపోతే 1, తక్కువైతే రిచ్. గేజ్ దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది అంతే, ట్యాంకులో ఏముందో దానికి తెలియదు. ఈ20 పోసినా లాంబ్డా 1 దగ్గర ఆ గేజ్ 14.7 అనే అంటుంది. దాన్ని 13.5కి తెస్తే 8 శాతం రిచ్ చేసినట్టు, పెట్రోల్ వృథా. అందుకే గేజ్‌ని లాంబ్డాలో పెట్టుకోమంటా, ఏ పెట్రోల్ పోసినా లెక్క మారదు.

లెక్కల_మాస్టారు
గేజ్ స్కేల్ పెట్రోల్‌ది అయితే నువ్వన్నది సరే. లాంబ్డాలోనే పెట్టుకో కదిరి.

ఎల్_బోర్డు
ఇంత చదివాను. మైలేజ్ ఎంత పెరుగుతుంది?

జయనగర్_జోరు
కాంటెస్సాలో మైలేజ్ అడిగినవాడిని ఈ థ్రెడ్ నుంచి బహిష్కరించాలి.

పుదుపేట_పులి
ట్యూన్ బాగుంటే హైవే మీద కొంచెం పెరుగుతుంది తమ్ముడూ. పెట్టిన ఖర్చు మైలేజ్‌లో రాబట్టుకుందాం అనుకుంటే నీ మనవడు రాబట్టుకోవాలి.

కదిరి_కాంటెస్సా
అప్‌డేట్. వారాంతాలు పట్టుకుని చేస్తూ వచ్చాను, ఇప్పుడు కారు ఇంజెక్షన్ మీద స్టార్ట్ అయింది!!

చేసింది ఇది. పీణ్యలో మ్యానిఫోల్డ్‌కి బాస్‌లు వెల్డ్, సర్ఫేస్. పులి అన్న చెప్పిన బెలెనో థ్రాటిల్ బాడీ అడాప్టర్ ప్లేటుతో. స్పీడువినో. ఇగ్నిషన్ ప్రస్తుతానికి డిస్ట్రిబ్యూటర్‌తోనే, పెట్రోల్ ఒక్కటే ఈసీయూ చూస్తుంది. ఆర్‌పీఎం కోసం 36-1 ట్రిగ్గర్ వీల్ (36 పళ్ల చోట ఒకటి తీసేసిన చక్రం) లేజర్ కటింగ్ చేయించాను. క్రాంక్ పుల్లీకి బిగించేటప్పుడు అక్కడి పెద్దాయన ఒకరు ఆపారు: పుల్లీ మధ్యలో రబ్బరు ఉంటే బయటి రింగుకి బిగించకు, రబ్బరు జారితే నీ టైమింగ్ జారుతుంది, లోపలి హబ్‌కే బిగించు అని. ఆ పళ్లని లెక్కపెట్టడానికి హాల్ సెన్సర్ పెట్టాను, పళ్లకి దాదాపు ఒక మిల్లీమీటర్ గ్యాప్.

పంపు వెనక ట్యాంకు పక్కన కింద ఉంది. రిటర్న్ కోసం ట్యాంకుకి ఒక పైపు వెల్డ్ చేయించాల్సి వచ్చింది, ట్యాంకు దించి ఇచ్చేశాను, రేడియేటర్ షాపువాడు లోపల ఆవిరి లేకుండా ఎంతసేపు కడిగాడో చూస్తే నాకే భయమేసింది. ఆ పని ఇంట్లో ఎవరూ చెయ్యకండి.

తాళం తిప్పి ఇంజిన్ ఆన్ చేయకముందు ప్రెషర్ సెన్సర్ 91 కిలోపాస్కల్ చూపించింది, సెన్సర్ పాడైందనుకుని కంగారు పడ్డాను.

పుదుపేట_పులి
నాకు ఇక్కడ 101 చూపిస్తుంది. నువ్వు కొండ మీద ఉన్నావ్ స్వామీ, సెన్సర్ బాగానే ఉంది.

కదిరి_కాంటెస్సా
అదే తర్వాత అర్థమైంది. ఇప్పుడు అసలు సమస్య. పగలు బ్రహ్మాండంగా నడుస్తోంది, వేడి మీద కూడా మొదటి దెబ్బకే స్టార్ట్. చీకటి పడి హెడ్‌లైట్లు వేశానంటే చాలు, ఐడిల్ పైకీ కిందికీ ఊగుతుంది, వెనక నల్ల పొగ, వైడ్‌బ్యాండ్‌లో లాంబ్డా 0.85 దగ్గర. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. లైట్లు ఆపగానే మామూలు. ఆల్టర్నేటర్ వోల్టేజ్ 13.8 బాగానే ఉంది. ఈసీయూ పాడైందా?

పాతకారు_పంతులు
నేనేం మాట్లాడను.

జయనగర్_జోరు
మాట్లాడకుండానే మాట్లాడారు 😄

సోల్డర్_సుబ్బు
లైట్లు వేసినప్పుడు లాగ్‌లో కూలంట్ టెంపరేచర్, టీపీఎస్ (థ్రాటిల్ పొజిషన్ సెన్సర్) రెండూ చూడు. పాదం తీసేసి ఉన్నా టీపీఎస్ కదులుతోందా?

కదిరి_కాంటెస్సా
కదులుతోంది! పాదం తీసేసినా 6 శాతం చూపిస్తోంది. కూలంట్ 80 ఉండేది లైట్లు వేయగానే 65కి పడిపోతోంది. నిమిషంలో నీళ్లు అంత చల్లబడవు కదా.

సోల్డర్_సుబ్బు
దొరికింది. ఎర్త్. నీ సెన్సర్ల నెగటివ్ వైర్లు ఎక్కడ కట్టావు? బాడీకో ఇంజిన్‌కో కట్టి ఉంటావు, ఈసీయూ ఎర్త్ ఇంకో చోట. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ పాతబడి తుప్పు పట్టింది. లైట్లు, ఏసీ ఫ్యాన్ కరెంటు అంతా ఆ తుప్పులోంచే వెనక్కి పోవాలి కాబట్టి అక్కడ వోల్టేజ్ కొంచెం పైకి లేస్తుంది. 0.3 వోల్టు లేచినా చాలు. 5 వోల్టుల సెన్సర్‌లో అది 6 శాతం, నీ టీపీఎస్ నంబర్ చూడు, అదే. కూలంట్ సెన్సర్‌లో వోల్టేజ్ పెరిగితే ఈసీయూ ఇంజిన్ చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. పొగ అందుకే. సంప్రదాయం ఏంటంటే సెన్సర్ల నెగటివ్‌లన్నీ ఒక తీగలో ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్‌కే రావాలి, ఎక్కడా బాడీని తాకకూడదు. ఈసీయూ పవర్ ఎర్త్‌లు ఇంజిన్ బ్లాక్ మీద ఒకే బోల్టుకి. మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక పిన్ బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి సెన్సర్ ఎర్త్ మీద పెట్టి లైట్లు వేసి చూడు.

కదిరి_కాంటెస్సా
మీటర్‌లో 290 మిల్లీవోల్టులు! పట్టీ విప్పితే బోల్టు కింద పచ్చటి పొడి, రెండు చివర్లా తీగలు సగం తెగి ఉన్నాయి. కొత్త పట్టీ వేశాను, రంగు గీకి తళతళలాడే ఇనుము మీద బిగించాను, సెన్సర్ ఎర్త్‌లన్నీ ఈసీయూకి లాగాను. లైట్లు, ఏసీ, వైపర్లు, హారన్ అన్నీ ఒకేసారి పెట్టినా టీపీఎస్ సున్నా, కూలంట్ 82. ఐడిల్ కదలట్లేదు. పక్కింటి ఆయన హారన్‌కి బయటికొచ్చి తిట్టాడు, అది వేరే సంగతి.

పాతకారు_పంతులు
ఆ పట్టీ కార్బ్ ఉన్నప్పుడూ అలాగే ఉంది. సెల్ఫ్ మోటారు బద్ధకంగా తిరిగేదా నీకు? వేడి మీద స్టార్ట్ అవ్వకపోవడంలో దానికీ వాటా ఉండొచ్చు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు సెల్ఫ్ మోటారు రాగి చుట్ల రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది.

కదిరి_కాంటెస్సా
బద్ధకంగానే తిరిగేది పంతులు గారూ. ఇప్పుడు చురుగ్గా తిరుగుతోంది. మీ మాట కొట్టిపారేయలేను.

ఎల్_బోర్డు
అంటే 200 రూపాయల పట్టీతో పోయేదానికి ఇదంతా??

సోల్డర్_సుబ్బు
కొంత పోయేదేమో, ఫ్లోట్ బౌల్ మరగడం పట్టీతో పోదు. ఇప్పుడు ఆ బౌలే లేదు, పెట్రోల్ ఆగకుండా ట్యాంకుకి తిరుగుతూ ఉంటుంది, 3 బార్‌లో అంత తేలిగ్గా ఆవిరి అవ్వదు.

ఆర్‌సీ_రామం
పొల్యూషన్ టెస్ట్ చేయించావా?

కదిరి_కాంటెస్సా
చేయించాను. ఈ వయసు కారుకి కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం కదా, ఇదివరకు అంచున పాసయ్యేది, ఇప్పుడు 1 లోపే వచ్చింది. కుర్రాడు పైపు సరిగ్గా పెట్టలేదేమో అని రెండోసారి పెట్టాడు. ఆర్టీవోలో కాగితం పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఈమెయిల్ పంపాను.

పద్మిని_రాణి
మొత్తం ఖర్చు ఎంతైందో చెప్పలేదు. మా ఆయన పక్కనుంచి అడుగుతున్నారు.

కదిరి_కాంటెస్సా
లక్ష దాటలేదు మేడమ్, కానీ దాని దరిదాపుల్లోకి వెళ్లింది. ఎక్కువ తిన్నది వైడ్‌బ్యాండ్, పంపు, వెల్డింగ్. ఈసీయూ వాటా వాటిలో చిన్నది. మా ఇంట్లో చెప్పిన అంకె వేరు, మీ ఆయన మా ఆవిడతో మాట్లాడకుండా చూసుకోండి.

హోసూర్_రోడ్డు
నాదీ కాంటెస్సా 1.8. ఇదంతా కష్టపడి చేశారు, ఆ ట్యూన్ ఫైల్ ఇక్కడ పెట్టండి బ్రో, డైరెక్ట్‌గా ఎక్కించేస్తా.

కదిరి_కాంటెస్సా
పెడతా, కానీ నేరుగా ఎక్కించి రోడ్డు మీదకి వెళ్లకు. నీ ఇంజెక్టర్ సైజు వేరైతే మొదట అదే మార్చాలి, తర్వాత నీ టీపీఎస్ మూసినప్పుడూ పూర్తిగా తెరిచినప్పుడూ కాలిబ్రేట్ చెయ్యి, నీ కూలంట్ సెన్సర్ రెసిస్టెన్స్ పట్టిక వెయ్యి. బాష్ రకం సెన్సర్ అయితే 20 డిగ్రీల దగ్గర 2.5 కిలోఓమ్‌లు ఉంటుంది, గిన్నెలో నీళ్లు పోసి థర్మామీటర్ పెట్టి చూసుకోవచ్చు. 3000 ఆర్‌పీఎం పైన, ట్యూన్ పట్టికలో లోడ్ ఎక్కువున్న గళ్లు నేను ఇంకా సరిగ్గా ట్యూన్ చెయ్యలేదు, అక్కడ కావాలనే రిచ్‌గా వదిలాను. నంది కొండ ఎక్కేటప్పుడు పక్క సీట్లో ఒకర్ని లాప్‌టాప్‌తో కూర్చోబెట్టి అవి నింపాలి.

అంబీ_1500
పక్క సీట్లోకి నేనొస్తా. నా థ్రాటిల్ బాడీ కొనేలోపు ఎలా చేస్తారో చూసినట్టుంటుంది.

సోల్డర్_సుబ్బు
ఇద్దరూ వెళ్లండి. లాప్‌టాప్ పట్టుకున్నవాడు నంబర్లు మారుస్తాడు, స్టీరింగ్ పట్టుకున్నవాడు స్క్రీన్ వైపు చూడడు. ఇగ్నిషన్ కూడా ఈసీయూకి ఇద్దామనుకున్నప్పుడు వేరే థ్రెడ్ తెరువు, డిస్ట్రిబ్యూటర్ లాక్ చేయడం దగ్గర్నుంచి చాలా చెప్పాల్సి ఉంది.